సారీ అన్నాము, తప్పైందనలేదు



ప్రతిసారి ఒక వాక్యభాగము ముందు పెట్టుకొని రాస్తాము. ఈసారి ఒక ఇంగ్లీషు మాట పెట్టుకున్నాము. బడికి పోయినవారికీ వచ్చు, పోనివారికీ వచ్చు. మూడేండ్ల పిల్లకు కూడా మనమే నేర్పిస్తాము. ఆ మాట సారీ.

శ్రమల దినములు మొదలయ్యే ముందు ఒక సోమవారము నిజామాబాదు బస్టాండులో బోధన్ బస్సు ఎక్కాము. 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు టికెట్టు తీసేసినప్పటి నుండి ఆ రూటులో మాలాంటి వారికి సీటు దొరకడము అరుదే. మంచిదే, మన సంఘపు అక్కలు చెల్లెండ్లు ఆస్పత్రికి, కాలేజీకి పైసలు లేకుండా పోయి వస్తున్నారు. మేము కడ్డీ పట్టుకొని నిలబడ్డాము. నిలబడ్డవానికి వినడము తప్ప వేరే పని ఏముంటుంది?

కండక్టరు నోట పట్టిచ్చి, "సారీ సార్, చిల్లర లేదు, దిగేటప్పుడు తీసుకోర్రి" అన్నాడు. ఆ సారీకి అర్థము, ఇక అడగకు అని. చెవులలో వైర్లు పెట్టుకున్న ఒక పిల్లగాడు ముసలాయన కాలు తొక్కి, మొఖము కూడా తిప్పకుండా "సారీ తాతా" అన్నాడు. తాత ఊరుకోలేదు. "నీ సారీతోని నా వేలు వాపు దిగుతదారా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు, పిల్లగాడు తప్ప. వాడికి వినబడలేదు. జానకంపేట దగ్గర ఒక అమ్మాయి ఫోనులో "సారీ? సారీ? వినొస్తలేదే" అంటున్నది. అది మన 'ఏందీ?' అన్నట్టే. ఎడపల్లి దాటినాక వెనుక సీటులో ఒకామె ఎవరికో మెల్లగా చెప్తున్నది: "సారీ అక్కా, నాకు నిన్న రాత్రి దాంక తెల్వనే తెల్వదు." ఎవరో పోయినట్టున్నారు. ఆమె ఏ తప్పూ చేయలేదు. ఆ సారీలో ఉన్నది దుఃఖము ఒక్కటే. బస్సులో విన్న సారీలన్నిటిలో నిజముగా బరువున్న సారీ అదొక్కటే అనిపించింది.

ఇంకొక సారీ కూడా ఉంది, అది మాదే. ఒక సహోదరుడు ప్రార్థన కోసము ఫోను చేశాడు. "సారీ బ్రదర్, బస్సులో ఉన్నాము, మళ్ళీ చేస్తాము" అన్నాము. ఆ మళ్ళీ రెండు రోజుల తర్వాత వచ్చింది. అప్పటికి ఆయన వేరే ఎవరితోనో ప్రార్థన చేయించుకున్నాడు.

ఇంగ్లీషులో ఈ మాట మొదట ఇట్లా లేదు. పాత ఇంగ్లీషులో పుండుకు, నొప్పికి ఒక మాట ఉండేది. ఇప్పటికీ గొంతు నొప్పిని 'సోర్ త్రోట్' అని డాక్టరు రాస్తాడు చూడండి, ఆ సోర్. దాని నుండే సారీ పుట్టింది. అంటే లోపల పుండు పడినవాడు అనే మాట. దుఃఖము అనే అర్థమున్న 'సారో'కు ఇది చుట్టమని మేము చాలా కాలము అనుకున్నాము, ప్రసంగములో కూడా చెప్పాము. అది పొరపాటు, వాటి వేర్లు వేరు. పుండుకు పుట్టిన మాట తిరిగి తిరిగి చిల్లర లేదని చెప్పడానికి వచ్చింది.

సారీ పక్కన ఇంకా కొన్ని మాటలు ఉన్నాయి. ఎక్స్‌క్యూజ్ మీ అంటే దారి ఇయ్యమని. పార్డన్ అంటే మళ్ళీ చెప్పమని. రిగ్రెట్ ఆఫీసుల మాట. నిజామాబాదు స్టేషనులో రైలు లేటైనప్పుడల్లా మైకులో ఒకామె మన అసౌకర్యానికి చింతిస్తున్నానంటుంది. చింత ఆమెదీ కాదు, రైలుదీ కాదు. ఇక అపాలజీ. డిప్లొమా చదివే రోజుల్లో ఈ మాట గురించి తెలిసి ఆశ్చర్యపోయాము. గ్రీకులో అపొలోగియ అంటే క్షమాపణ కాదు, కోర్టులో తన పక్షమున తాను చెప్పుకునే వాదము. పౌలు యెరూషలేములో జనము ముందు నిలబడి చెప్పుకున్నది అదే, అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయము చూడండి. పౌలు విషయములో అది న్యాయమే, ఆయన నేరము చేయలేదు. మనము చేసి కూడా వాదమే చెప్పుకుంటాము. 'సారీ, కానీ' అని మొదలుపెట్టామంటే తర్వాత వచ్చేది వాదమే.

శ్రమల దినములలో ప్రతి బుధవారము ఒక ఇంట్లో కూటము పెట్టుకుంటాము. ఈ ఏడు ప్రభువు నేర్పిన ప్రార్థన తీసుకున్నాము. క్షమించుట అనే మాట దగ్గరికి వచ్చేసరికి బస్సు గుర్తొచ్చింది. "సారీ అనే మాట లేనప్పుడు మీ అమ్మమ్మలు నానమ్మలు ఏమనేవాళ్ళు?" అని అడిగాము.

మొదట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమ్మ, "ఏమంటం అయ్యగారు, కాలు తాకితె తొట్టి కండ్లకద్దుకుంటిమి. మాట ఎక్కడిది?" అన్నది. అందరూ అవునన్నారు. ఇంకొకాయన, "కొట్లాడిన మర్నాడు మా నాయిన ఇంటి ముందుకొచ్చి అన్నం తిన్నవారా అని అడుగుతుండె. గదే సారీ" అన్నాడు. తర్వాత ఒక్కొక్కరూ అందుకున్నారు. తప్పైంది. గల్తీ అయింది. ఏమనుకోకు. నారాజ్ గాకు. మన్నించు. మాఫ్ చెయ్యి. బోధన్ వైపు నుండి వచ్చిన ఒక చెల్లె తన అత్తగారింట్లో మరాఠీ మాట్లాడుతారనీ, అక్కడ కూడా మాఫ్ అనే మాటే ఉందనీ చెప్పింది. ఉర్దూ, మరాఠీ, తెలుగు ఒకే అరుగు మీద కూర్చునే ప్రాంతము మనది. అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా వచ్చిన మాఫీ మన పొలములలో దాకా దిగబడింది.

మేము రెండు మూడు మాటలు విడదీసి చెప్పాము. తప్పు అంటే మొదట నేరము కాదు, తప్పిపోవడము. దారి తప్పింది అంటాము, గురి తప్పింది అంటాము. క్రొత్త నిబంధనలో పాపము అని తర్జుమా చేసిన గ్రీకు మాట హమర్తియకు కూడా మూలము గురి తప్పడమే. సెమినరీలో దీనిని నేర్చుకోవడానికి మాకు ఒక సంవత్సరము పట్టింది. మన ముసలమ్మలు రోజూ అంటున్నారు. మన్నించు అనే మాటలో మన్నన ఉంది, మన్నన అంటే మర్యాద. క్షమ అంటే ఓర్పు, భూమికి కూడా ఆ పేరుంది. ఇక పాపము అనే మాట చూడండి. చేసినవాడినీ పాపి అంటాము, దెబ్బ తిన్నవాడిని చూసి 'అయ్యో పాపం' అనీ అంటాము. బస్సులో వెనుక సీటు అక్క అన్న సారీకి సరైన తెలుగు ఈ 'అయ్యో పాపం' అనే మాటే.

మాఫ్ అనే మాటకు ఇంకొక వాడుక కూడా ఉందని ఒక యువకుడు గుర్తు చేశాడు. ఇంటి ముందుకు వచ్చిన బిచ్చగానికి పైసలు ఇయ్యదలచుకోకపోతే 'మాఫ్ కరో బాబా' అంటారు. నిజమే. క్షమించమంటూనే తలుపు వేస్తాము. కండక్టరు సారీకి ఇది అన్న లాంటిది.

అప్పుడు వెనుక గోడకు ఆనుకొని కూర్చున్న ఒక అక్క మాట్లాడింది. ఆమె కూటములలో ఎన్నడూ నోరు విప్పదు. "మాఫీ అంటె బాకి ఎంతనో చెప్పాలె గద అయ్యగారు" అన్నది. "మొన్న బ్యాంకుల లిస్టు పెట్టిండ్రు. పేరు, పాస్‌బుక్కు నంబరు, అసలెంత, మిత్తి ఎంత, అన్ని రాసి ఉన్నయి. లెక్క లేకుంట మాఫీ కాదు. సారీల లెక్క ఉండదు. అందుకే అందరికి అలుకగ అనొస్తది."

కూటములో అందరూ బాగా చెప్పినవమ్మా అన్నారు. మేము కూడా అన్నాము. 2024 జూలై, ఆగస్టు నెలలలో మూడు విడతలుగా రెండు లక్షల దాకా రుణమాఫీ జరిగినప్పుడు మన సంఘపు రైతులు ఎన్నిసార్లు బ్యాంకు గేటు దగ్గర ఆధార్, రేషను కార్డు పట్టుకొని నిలబడ్డారో మాకు తెలుసు. పేరు వచ్చినవారున్నారు, రానివారున్నారు. మాఫీ అయితే ఆ బాకీ గాలిలో కలిసిపోదనీ, రైతుకు బదులు ఇంకొకరు కట్టారనీ మన రైతుకు చెప్పనక్కరలేదు. సిలువను గూర్చి బోధించడానికి మాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఉన్నది కూడా ఋణములు అనే మాటే. లూకా 11లో 'అచ్చియున్న' అనే పాత మాట దగ్గర పిల్లలు చదువుతూ ఆగిపోతారు. అచ్చియుండుట అంటే బాకీ ఉండుటే. అక్కడికి కూటము ముగించి, ప్రార్థన చేసి, చాయ్ తాగి బయలుదేరాము.

ఇంటికి వచ్చి బండి స్టాండు వేస్తుంటే మాకు తగిలింది. లిస్టు అని ఆ అక్క ఊరికే అనలేదు.

ఇక్కడి నుండి రాయడము కష్టముగా ఉంది. సంఘములో పాతవారికి ఎవరి సంగతో తెలిసిపోతుంది. దయచేసి ఎవరూ పేరు రాయకండి, ఫోను చేసి అడగకండి.

బోధన్ చెరకు సంగతి చిన్నవాళ్ళ కోసము రెండు ముక్కలు చెప్తాము. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యింది, ఆ కాలువ నీళ్ళతో చెరకు వచ్చింది, 1938లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ చుట్టూ పెరిగిన వాడకు శక్కర్‌నగర్ అనే పేరు. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. ఒకప్పుడు చలికాలము వచ్చిందంటే ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు కాంటా ముందు రాత్రంతా వరుస కట్టేవి. మడ్డి వాసన ఊరి దాకా వచ్చేదని పెద్దలు ఇప్పటికీ చెప్తారు. ఆ ఫ్యాక్టరీలో 2015 డిసెంబరులో లే-ఆఫ్ ప్రకటించారు. క్రిస్మస్ ముందు.

2016 ఫిబ్రవరిలో మన కోతల పండుగ. మేము అప్పటికి ఈ సంఘానికి వచ్చి మూడేండ్లు. ముప్ఫైలలో ఉన్నాము, డిప్లొమా సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకున్నాము. గుడికి స్లాబు వేయాలని పట్టు మీద ఉన్నాము. అంతకు ముందు సంవత్సరము చాలామంది వాగ్దానములు రాసి ఇచ్చారు. ఇనుము ధర పెరుగుతున్నది, మేస్త్రి తొందర పెడుతున్నాడు. మేము ఏమి చేశామంటే, ఇయ్యనివారి పేర్లు ఒక కాగితము మీద రాసుకొని, పండుగ ఆరాధనలో, నిండు సంఘము ముందు చదివాము. పదకొండు పేర్లు. పేరు, రాసిచ్చింది ఎంత, కట్టింది ఎంత. ఆ అన్న పేరు నాలుగవది. పదివేలు, సున్నా. చదివి ఊరుకోలేదు, దేవునికి మాట ఇచ్చి తప్పినవారని ఒక మాట కూడా అన్నాము.

ఆయన చెరకు యార్డులో పనిచేసేవాడు. పని ఆగి రెండు నెలలు. అది మాకు తెలియదా? తెలుసు. పేపరులో చదివాము, ప్రార్థనలో కూడా ఫ్యాక్టరీ కుటుంబాల కొరకు అని ఒక వరుస చేర్చాము. కానీ ఆ కాగితము మీద పేర్లు రాస్తున్నప్పుడు ఆ ఇల్లు గుర్తు రాలేదు. స్లాబు గుర్తొచ్చింది.

మర్నాటి ఆదివారము గేటు దగ్గర ఆయన ఎదురుపడ్డాడు. అప్పటికే ఒక పెద్దమనిషి మమ్మును మందలించి ఉన్నాడు. చెప్పులు వేసుకుంటూ, "సారీ అన్నా, ఏమనుకోకు, అందరివీ చదివినము గద" అన్నాము. ఆయన "పర్వాలేదు అయ్యగారు" అన్నాడు. మేము ఆ సంగతి అక్కడికి అయిపోయిందనుకున్నాము. ఆయన ఆ తర్వాత గుడికి రాలేదు. ఏడాది తిరగక ముందే మస్కట్ పోయాడు. గల్ఫుకు పోయినవాళ్ళు మన ఊర్లలో ఇంటికొకరున్నారు, అందుకని ఎవరూ దానికి కారణము వెతకలేదు. మేమూ వెతకలేదు. ఆయన భార్య మాత్రము ప్రతి ఆదివారము వచ్చి వెనుక కూర్చునేది. పోయిన బుధవారము మాఫీకి లెక్క ఉండాలని చెప్పింది ఆ అక్కే.

ఆ రాత్రి 1 సమూయేలు 15 తీశాము. సౌలు రాజు కూడా నేను పాపము చేశానని ఒప్పుకున్నాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మొదటిసారి జనానికి భయపడ్డానని కారణము చెప్పాడు. రెండవసారి, పెద్దల ముందు నా పరువు నిలబెట్టుమని సమూయేలును బతిమాలుకున్నాడు. తప్పు ఒప్పుకుంటూ ఆయన చూసుకున్నది తన పరువు. 'అందరివీ చదివినము గద' అన్న మా మాటకూ సౌలు మాటకూ తేడా వెతికాము. దొరకలేదు. దావీదు నాతాను ముందు చెప్పింది చాలా చిన్న మాట, దానికి తోక లేదు. జక్కయ్య అయితే ఇంట్లో అందరి ముందు నిలబడి లెక్కతో సహా చెప్పాడు, నాలుగంతలు అని. సంఖ్యాకాండము 5వ అధ్యాయములో నష్టము కలిగించినవాడు ఒప్పుకోవాలి, అసలుకు అయిదవ వంతు కలిపి ఇయ్యాలి అని ఉంది. మర్యాద పోగొట్టినవాడు అయిదవ వంతు ఎట్లా లెక్క కట్టాలి? దానికి ఏ కాంటా ఉంది?

పెద్ద పెద్ద వాళ్ళకు కూడా ఈ మాట ఊరికే రాలేదు. ఆస్ట్రేలియాలో ఆదివాసి పిల్లలను తల్లుల దగ్గరి నుండి తీసుకుపోయిన పాపము గురించి అక్కడి పార్లమెంటు 1999లో చింతిస్తున్నామని మాత్రము అన్నది. సారీ అనడానికి 2008 ఫిబ్రవరి 13 దాకా పట్టింది, అప్పుడు ప్రధాని కెవిన్ రడ్ అన్నాడు. జలియన్‌వాలాబాగ్ సంగతి మనకు తెలిసిందే, 1919 ఏప్రిల్ 13. నూరేండ్లు నిండుతున్నప్పుడు 2019 ఏప్రిల్‌లో బ్రిటిష్ ప్రధాని తమ పార్లమెంటులో చింత మాత్రమే వెలిబుచ్చారు. అదే సంవత్సరము సెప్టెంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ అమృత్‌సర్ వచ్చాడు. తాను ప్రభుత్వము తరఫున మాట్లాడలేనని చెప్పి, సిగ్గుపడుతున్నానన్నాడు, ఆ స్మారకము ముందు నేల మీద బోర్లా పడుకున్నాడు. ఫొటో అప్పుడు పేపర్లలో వచ్చింది. అంత పెద్ద పదవిలో ఉన్నాయన దుమ్ములో పడుకోవడము చూసి అప్పుడు మేము గుడిలో మెచ్చుకొని చెప్పాము కూడా. అప్పటికి మన సంఘములో ఆ లిస్టు చదివి మూడేండ్లు దాటింది. మెచ్చుకున్నాము గాని మా లిస్టు మాకు గుర్తు రాలేదు.

మర్నాడు అమ్మగారితో చెప్పాము. ఆమె, "నాకు అప్పుడే తెలుసు. చెప్తే మీరు వినే స్థితిలో లేరు" అన్నది. ఇద్దరమూ కలిసి ఆ ఇంటికి పోయాము. ఆ అక్క కుర్చీలు వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. నంబరు అడిగాము. ఎందుకని అడగలేదు. "శుక్రారం సెలవు ఉంటది, ఇమోల చెయ్యుర్రి, పొద్దుగాల వద్దు, వంట చేసుకుంటడు" అన్నది. లేచేటప్పుడు మాత్రము ఒక మాట అన్నది. "మీరు సారీ చెప్పిండ్రు అయ్యగారు. తప్పైందని అనలేదు. ఆయన గదే అంటుంటడు."

శుక్రవారము సాయంత్రము చేశాము. బొమ్మ సరిగ్గా రాలేదు, రూములో వెలుతురు తక్కువ. జుట్టు నెరిసింది. బాగున్నావా అన్నా, తిన్నావా అని అడిగాము. తర్వాత చెప్పాము. 2016 కోతల పండుగ నాడు నీ పేరు చదివినము. నీ పని పోయిందని తెలిసి చదివినము. మాట తప్పినవాడివని అన్నము. తప్పింది మేము. తప్పైంది అన్నా.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఫోను కట్టయ్యిందేమో అనుకున్నాము. తర్వాత అన్నాడు: "అయ్యగారు, ఆ దినము మా బిడ్డ ముందు వరుసల కూసున్నది. కంఠత వాక్యం చెప్పేటందుకు కొత్త గౌను ఏసుకొచ్చింది. మీరు సున్న అనంగ ఎనుకకు మల్లి నా దిక్కు చూసింది."

మాకు ఆ సంగతి తెలియదు. అన్నిట్లో తక్కువగా లెక్క కట్టినది అదే. ఆ పాప అప్పుడు ఐదో తరగతి. ఇప్పుడు నిజామాబాదులో డిగ్రీ చదువుతున్నది, పండుగలకు వస్తుంది, వెనుక కూర్చుంటుంది.

"ఆ పదివేలు నేను కట్టిన, తెల్సా?" అన్నాడు. తెలియదు. మస్కట్ పోయిన రెండో ఏడు భార్య చేతికి పంపి, పేరు లేకుండా కానుక సంచిలో వేయించాడట. తర్వాత పాత లెక్కల పుస్తకము తీసి చూశాము. ఉంది. ఒక ఆదివారము మామూలు కానుకల మీద పదివేలు ఎక్కువ వచ్చినట్టు కోశాధికారి రాసుకున్నాడు, పక్కన అజ్ఞాత దాత అని ఉంది. పేరు ఎత్తి చదివింది మేము, పేరు లేకుండా కట్టింది ఆయన.

సంఘము ముందు చదివినము గనుక సంఘము ముందే ఒప్పుకుంటామని, అందుకు నీ అనుమతి కావాలని అడిగాము. "చెప్పుకోర్రి. నా పేరు చెప్పకుర్రి. ఒకసారి చదివింది చాలు" అన్నాడు. మమ్మును మన్నించినావా అన్నా అని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. అడిగితే మళ్ళీ పర్వాలేదు అనిపించినట్టు అవుతుంది. ఆయన కూడా ఏమీ అనలేదు. "డ్యూటీ బట్టలు ఉతుక్కునేది ఉంది అయ్యగారు" అని పెట్టేశాడు.

పోయిన ఆదివారము ప్రసంగము చేయలేదు. అదే చోట నిలబడి, పదకొండు పేర్లు చదివిన సంగతి, పేర్లు లేకుండా, చెప్పాము. ఆ పదకొండు మందిలో నలుగురు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళకు చెప్పడానికి మాకు ఇక ఫోను లేదు. మిగిలినవారి ఇళ్ళకు ఒక్కొక్కటిగా పోతున్నాము. ఇప్పటికి ముగ్గురిని కలిశాము. ఒకాయన నవ్వి, "నాకు యాదే లేదు అయ్యగారు" అన్నాడు. ఇంకొకామె తలుపు తీసింది గాని కూర్చోమనలేదు, నిలబడే చెప్పి వచ్చాము. మూడవ ఇంట్లో సమాధానము చాలా పొడవుగా వచ్చింది, అది ఇక్కడ రాయము. గుడికి రాసిచ్చిన వాగ్దానముల పాత కాగితములు, ఎవరివి వాళ్ళకు తిరిగి ఇస్తున్నాము.

ఆ రోజు ఆరాధన అయినాక ఆ అక్క బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నది. పక్కన ఆ అమ్మాయి, పరీక్షలు అయిపోయి వచ్చినట్టుంది. మేము దగ్గరికి పోయి, "నీకు కూడా చెప్పాలె బిడ్డా, నీ ముందట మీ నాయినను చిన్నగ చేసినము, తప్పైంది" అన్నాము. ఆ అమ్మాయి నేల చూస్తూ, "ఇట్స్ ఓకే అంకుల్" అన్నది. వాళ్ళమ్మ ఆమెను చూసింది. అమ్మాయి కాసేపు ఆగి, "నాన్నకు చెప్త" అన్నది.

వచ్చే శుక్రవారము మళ్ళీ ఆయనకు ఫోను చేస్తాము, సాయంత్రము, వంట అయినాక.